దులిపిన తువ్వాల

మా పెద్దబాపు ఎవరింటి నుంచి లేచినా గడపలో ఆగి, భుజం మీది తువ్వాల దులిపి చూపేవాడు. మీసాలు మొలిచే వయసులో కర్నూలు దిక్కు వెండి కడియాలు దొంగిలిస్తే, తెల్లదొరలు అతన్ని సముద్రం దాటించి అండమాన్ జైలుకు పంపారు. ఏమీ దాచలేదని అక్కడ రోజూ బట్టలు దులిపి చూపాలట; అక్కడినుంచి తెచ్చుకున్న అలవాటది.

పందొమ్మిదివందల ఎనభైలలో అతని మనవరాలి సంబంధం ఖాయం చేసుకోను తిరుమలగిరి పోయాం. దొంగ ఇల్లని తెలిస్తే సంబంధం చెడుతుంది. "ఇయ్యాల దులుపకు" అని మొహం మీదే చెప్పాను. కూర్చున్నంతసేపూ తువ్వాలను నలుపుతూనే ఉన్నాడు. లేవగానే చేతులు ఆగలేదు, దులిపేశాడు.

"గదేందన్నా?" అంది పిల్లగాని అవ్వ.

"దొంగనమ్మా. కాలాపాని పోయొచ్చిన. మీ ఇంట్ల ఏం తీస్కపోతలేనని చూపిన."

ఆమె లోపలికి పోయి బెల్లం తెచ్చి ఆ తువ్వాలలోనే పోసింది. "పిల్లనిస్తున్న మనిషివి, వట్టిగ పోతవా? గట్టిగ ముడేస్కో."

బస్సులో పెద్దబాపు కూర్చోలేదు. ఊరొచ్చేదాకా అడుగుతూనే ఉన్నాడు: "ఆమెనే ఇచ్చింది గదరా? నువ్వు చూసినవ్ గదా?"