సగంలో ఆగిన పుస్తకం

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్లు నిండీ నిండని రోజుల్లో, నాకొక తమ్ముడు పుట్టి పదకొండో రోజునే పోయాడు. అప్పటి నుంచి మా అమ్మ మాట్లాడటం మానేసింది. వంట చేసేది, పత్తి తీతకు కూలీలొస్తే మజ్జిగ పోసేది, నాకు జడ వేసేది, నోరు మాత్రం విప్పేది కాదు. కంట తడి కూడా లేదు. గుండె రాయి చేసుకుంది, గట్టి మనిషి అని తిరువూరులో మా వీధంతా మెచ్చుకుంది. ఏం మెచ్చుకోలో, నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

మెచ్చుకోనిది పక్కింటి టీచరమ్మ ఒక్కతే. రోజూ బడి నుంచి రాగానే లైబ్రరీ పుస్తకం పట్టుకుని మా వసారాలో కూర్చునేది. అమ్మ బియ్యం ఏరుతుంటే నాలుగు పేజీలు పైకి చదివేది. బిడ్డను పోగొట్టుకున్న ఒకావిడ కథ అది. వారం రోజులు అమ్మ తలెత్తలేదు. ఎనిమిదో రోజున చేట పక్కన పెట్టి భోరుమంది. టీచరమ్మ ఓదార్చలేదు, చదవడం ఆపలేదు. ఆ తర్వాత రోజూ అంతే. ఏడుపు తీరాక అమ్మ తమ్ముడి గురించి రెండు మాటలు చెప్పేది. వాడి చెవులు అచ్చం మా నాన్న చెవులేనని అప్పుడే మొదటిసారి విన్నాను.

ఇది మా నాయనమ్మకు మింగుడుపడలేదు. దీపాలు పెట్టే వేళ ఇంట్లో ఆడది కన్నీళ్లు పెట్టుకుంటే లక్ష్మి నిలవదని ఆవిడ పట్టింపు. "ఆ పుస్తకం గడప తొక్కాకేనే మీ అమ్మకీ ఏడుపు" అని నాతో గొణిగింది. నేను నమ్మేశాను. నిజం చెప్పాలంటే, అమ్మ ఏడుస్తుంటే నాకు భయమేసేది. టీచరమ్మ పుస్తకాన్ని మా గూట్లోనే ఉంచి వెళ్లేది. ఒక ఉదయం దాన్ని సంచిలో దాచుకుని, బడికి వెళ్తూ లైబ్రరీలో ఇచ్చేశాను. "టీచరమ్మగారు పంపారా?" అని అక్కడాయన అడిగితే బుద్ధిగా తలూపాను.

సాయంత్రం టీచరమ్మ గూడు వెతుకుతుంటే, ఇక అమ్మ ఏడవదని గొప్పగా చెప్పాను. ఆవిడ తిట్టలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "పుస్తకం ఏడిపించట్లేదే. లోపల ఉన్నదే బయటికొస్తోంది. రానివ్వాలి" అంది.

మర్నాడు ఇద్దరం లైబ్రరీకి పరుగెత్తాం. పల్లెలకు పంపే పుస్తకాల పెట్టె అప్పటికే పెనుగొలను వెళ్లిపోయిందట, అందులో అదీ ఉందట. ఆదివారం టీచరమ్మ బస్సెక్కి పెనుగొలను వెళ్లింది, అక్కణ్ణుంచి పక్కనున్న నెమలి అనే ఊరికి కూడా వెళ్లొచ్చింది. ఎవరు పట్టుకెళ్లారో తేలలేదు. ఆ తర్వాత వేరే పుస్తకాలు తెచ్చి చదివింది. అమ్మ వినేది, అంతే. కొన్నాళ్లకు మాటలు వచ్చాయి గానీ, పప్పులో ఉప్పు సరిపోయిందా, బస్సు వచ్చిందా లాంటివే. తమ్ముడి ఊసు మళ్లీ ఎత్తలేదు.

మనసు కుదుటపడటానికని ఇప్పుడు నా మనవరాలు పుస్తకాలు తెప్పించుకుని చదువుతోంది. చదువుతూ కళ్లు తుడుచుకుంటే ఎందుకని అడగను, వద్దనీ అనను. ఊరికే పక్కన కూర్చుంటాను. ఆ రోజు నేర్చుకున్నది అదొక్కటే. అమ్మకు మాత్రం అది అందలేదు.

అమ్మ పోయే ముందు ఆసుపత్రిలో ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుంది. "ఆ కథలో ఆవిడ చివరికి తేరుకుందా?" అని అడిగింది. నలభై ఏళ్లు అది మనసులో పెట్టుకుని ఉందన్నమాట.

"తేరుకుందమ్మా" అన్నాను. ఆ పుస్తకం చివర ఏముందో నాకు ఈనాటికీ తెలియదు.