పదో గుంత పేజీ

బయ్యారంలో కిరాణం రామలింగానికి ఎవరు ఏ కష్టం చెప్పుకున్నా, అది ఎన్నో గుంతో ఆయన ఠక్కున చెప్పేవాడు. కడుపునొప్పి గానీ, అల్లుడి అలక గానీ, అంటుకోని పొయ్యి గానీ, ఆయన దృష్టిలో ఈ లోకంలో గుంత కానిది లేదు. మామూలు గుంత కాదు, గోల్ఫ్ గుంత.

బయ్యారంలో గోల్ఫ్ ఏమిటని అడిగిన వాళ్లంతా దుకాణం ముందు అరగంట నిలబడి విన్నారు. ఆయన భార్య మనోరమ అడగకుండానే మూడేళ్లు వింది.

పొట్లాలు కట్టడానికి రామలింగం వరంగల్ నుంచి చిత్తుకాగితాల మూటలు తెప్పించేవాడు. 2008 వానాకాలంలో ఒక మూటలో ఇంగ్లీషు పుస్తకం వచ్చింది. ఎక్కడో చలిదేశంలో గుట్టల మీద గోల్ఫ్ మైదానం, దానికి పద్దెనిమిది గుంతలు, ఏ గుంత దగ్గర బంతిని ఎటు కొట్టాలో గుంతకో పేజీ. ఆయన కంట పడేసరికే సగం పుస్తకం శనగపప్పు వెంట, ఎండుమిర్చి వెంట ఊళ్లోకి వెళ్లిపోయింది. మొదటి తొమ్మిది గుంతల పేజీలు మిగిలాయి. నిఘంటువు పక్కన పెట్టుకుని వాటిని నెల రోజులు చదివాడు.

అప్పటినుంచి దుకాణానికి వచ్చిన వాళ్లను ఏం కావాలని అడగడం మానేశాడు.

"పదో గుంత పేజీ గిట్ల నీ ఇంట్ల ఉన్నదా?"

"నాకేమెరుక సావుకారి. పప్పు డబ్బల పోసి కాగితం పొయ్యిల పెట్టిన."

"పెట్టెటప్పుడు ఓపారి సదువొద్దా?"

"పప్పు కొన్నోడు సదువుకుంట కూసుంటె పప్పెవరు ఉడకబెడ్తరు?"

లోపల మనోరమ పోపుల డబ్బా మూత ఇంకాస్త బిగించేది.

తొమ్మిది గుంతలకు చోటు కావాలి. ఊరి వెనక మోదుగుల గుట్ట ఉంది, దాని మీద తండా ఉంది. తండా పక్కన ఒకటో గుంత తవ్వాడు. అక్కడి నుంచి దిగుతూ దిగుతూ, కింద ఇల్లెందు రోడ్డు వారన తొమ్మిదోది తవ్వాడు. పాత నాగలి కర్రును కమ్మరి దుర్గయ్యతో వంచించి జామకర్రకు బిగించాడు. గచ్చకాయకు సైకిల్ ట్యూబు ముక్కలు చుడితే బంతి అయింది.

"గిది బర్రెను కొట్టెతందుకా?" అంది మనోరమ ఆ కర్ర చూసి.

"బంతిని కొట్టెతందుకు."

"బర్రెను కొడితె ఇంటికన్న వస్తది. బంతిని కొడితె దాని ఎనుక మీరే పోవాలె."

"గదే ఆట," అన్నాడు రామలింగం, సంతోషంగా.

గుంతకో జెండా ఉండాలని పుస్తకంలో ఉంది. మొదట ఎర్రగుడ్డ పాతాడు. మూడో రోజు జీపు నిండా పోలీసులు దిగారు.

"ఏ దళం?"

"కిరాణం సార్."

ఎర్రగుడ్డలు పీకేసి మనోరమ పాత చీర చించి గులాబీ జెండాలు పాతాడు. ఈసారి కండువాలు వేసుకున్న వాళ్లు వచ్చి దండ వేసి, సభ్యత్వం పుస్తకం చేతిలో పెట్టారు. ఆఖరికి మైదా సంచులు చింపి తెల్లజెండాలు కట్టాడు. అప్పటికి గానీ గుట్ట ఏ పార్టీకీ చెందకుండా మిగలలేదు.

సంత మర్నాడు ఆట. తండా జనం మురమురాలకు, బెల్లానికి ఆశపడి వచ్చేవారు. ఆట కన్నా ఆయన నియమాలు చిత్రంగా ఉండేవి. ఓడిన వాడు పది రాళ్లు తీసి పక్కన పెట్టాలి, లేదా ఒక ముళ్లపొద నరకాలి.

"సావుకారి, ఇయ్యాల అందరం ఓడినం గదా?" అనేవాడు తండా జాల్యా.

"అందరు తీయాలె."

"నువ్వు సుత ఓడినవు."

"నేను ఇరువై తీస్త. పుస్తకంల ఉన్నది."

నియమాలు ఎవరికీ తెలియవు కాబట్టి గెలిచిన వాడు మూడేళ్లలో ఒక్కడూ లేడు. పైగా బంతి దొర్లే బాట ఎంత వెడల్పు ఉండాలో కొలవడానికి ఆయనకు మనోరమ దండెం గడే కావాలి. ఆ రోజు వస్తే తడిబట్టలు మంచం మీద కుప్ప పడేవి, గడ గుట్టెక్కేది. అడవి బీటు చూసే గార్డు ఎర్రయ్య బండ మీద కూర్చుని ఇదంతా చూసి నవ్వి, రామలింగం ఫ్లాస్కులో చాయ్ తాగి పోయేవాడు.

కూతురు వినీత అత్తగారింటి నుంచి ఫోన్ చేసి కళ్లనీళ్లు పెట్టుకున్నా అదే వైద్యం.

"గిది నాలుగో గుంత బిడ్డా. ఎదురుంగ బండ ఉంటది. పంతం పట్టి మీదికెల్లి కొట్టినోడు బంతి పోగొట్టుకుంటడు. సుట్టు తిరిగి పోవాలె."

"బాపూ, మా అత్తను బండ అంటున్నవా?"

"నేనన్లే. పుస్తకం అన్నది."

"ఫోను స్పీకర్ల ఉన్నది బాపూ."

ఇలా ఉండగా 2011 సెప్టెంబరులో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, బడులు ఆగాయి, బొగ్గుబావులు ఆగాయి. ఇల్లెందు రోడ్డు మీద టెంటు వేశారు. ఒకరోజు మంగలివారు రోడ్డు మీదే గడ్డాలు గీశారు, ఒకరోజు దర్జీలు మిషన్లు తెచ్చి కుట్టారు. వర్తకుల వంతు వచ్చిన రోజున రామలింగం జామకర్రతో దిగాడు. మొదటి దెబ్బకు బంతి ఎగిరి వంటావార్పు పప్పుచారు గుండిగలో పడింది.

"ఆయనను జర పక్కకు కూసోబెట్టుండ్రమ్మా, తెలంగాణ వచ్చెదాక," అన్నారెవరో. గరిటెతో బంతి తీస్తున్న మనోరమకు తల ఎత్తబుద్ధి కాలేదు.

అప్పుడే రామలింగం ఫోన్ మోగింది. తండాలో ఆటో నడిపే బలరాం. వాడి భార్య లాలికి నెలలు నిండాయి, తొలిచూలు.

"సావుకారి, లాలికి నొప్పులు మొదలైనయి. రాత్రి వానకు వాగు నిండుగ పారుతున్నది. 108 బండి అవతలి ఒడ్డున ఆగింది. ఎట్ల చెయ్యాలె?"

తండాకు ఉన్న బండిబాట వాగు దాటే అదొక్కటే. టెంటు జనం ఫోన్ చుట్టూ మూగారు.

"108 ను గుట్ట కిందికి, రోడ్డు మీదికి రమ్మను," అన్నాడు రామలింగం. "నువ్వు ఆటోను ఒకటో గుంత కాడికి తీస్కరా."

"గిది పరాచికాలాడే టైమా సావుకారి?"

"పరాచికం గాదు బిడ్డా. మూడేండ్లు ఆడినవు. సెప్పు, ఒకటో గుంత ఎట్ల కొట్టాలె?"

అవతల ఆటో స్టార్టయిన చప్పుడు. తరువాత బలరాం గొంతు మెల్లగా వచ్చింది. "మెల్లగ తాకియ్యాలె. వాలే తీస్కపోతది."

"అంతే. బ్రేకు మీద కాలుంచు. జాల్యాను ఇద్దర్ని తీస్కొని ఎనుక తాడు పట్టుమను. రెండోది?"

"తునికి చెట్టుకు ఎడమ పక్క."

"మూడోది?"

"ఆగి ముందర సూడాలె."

ఫోన్ తెగిపోయింది. నాలుగు, ఐదు గుంతల దగ్గర సిగ్నల్ ఉండదు. రామలింగం తొమ్మిదో గుంత దగ్గరికి పరుగెత్తాడు, వెనకే టెంటు జనం. గుట్ట వైపు చూస్తూ నిలబడ్డ మనోరమ పెదవులు వాటంతటవే కదిలాయి.

"నాలుగు. బండ. పంతం పట్టకు, సుట్టు తిరుగు. అయిదు. ఇసుక. ఆగకు, ఆగినోడు ఆగినట్టే. ఆరు. మలుపు. కనవడకున్నా జెండాను నమ్ము."

పక్కన రామలింగం ఆమెను వింతగా చూశాడు. మూడేళ్లలో ఈమె ఒక్కనాడైనా వింటున్నట్టు కనబడలేదు.

ఏడో జెండా దగ్గర ఆటో పసుపు టాపు కనబడింది. అక్కడ వాలు నిటారు. "ఒక్క దెబ్బకు పోవద్దు, రెండు దెబ్బలు," అని రామలింగం కేకవేశాడు. పైన జాల్యా చక్రం కింద రాయి పెట్టాడు, ఆటో ఆగింది. రాయి తీశాడు, దిగింది. ఇక ఎనిమిదో గుంత. రెండు బండల నడుమ సందు. మనోరమ కళ్లు గట్టిగా మూసుకుంది.

"కండ్లు తెరువు. ఆ పక్క నాలుగేళ్లు, ఈ పక్క నాలుగేళ్లు జాగ ఉన్నది."

"మీకెట్ల ఎరుక?"

ఆటో సందులోంచి దారం సూదిలోంచి వచ్చినట్టు వచ్చింది.

"తొమ్మిదో గుంత బలరాం, ఇగ తాళ్లిడువుండ్రి, గుంజు!"

ఆటో తెల్లజెండాను పడగొట్టి, మైదా సంచి ముక్కను నుదుటికి చుట్టుకుని రోడ్డెక్కింది. లాలిని 108 లోకి మార్చారు. దీక్ష డప్పులు బండికి ముందు నడిచాయి, టెంటు తాళ్లు విప్పి దారి ఇచ్చారు. నాలుగు గంటలకు మానుకోట దవాఖాన నుంచి కబురు వచ్చింది. ఆడపిల్ల, తల్లీపిల్లా క్షేమం. పొద్దున పక్కకు కూర్చోబెట్టమన్న వాళ్లే రామలింగాన్ని భుజాల మీద ఎత్తుకుని, జామకర్ర చేతికిచ్చి, బజారంతా తిప్పారు. పప్పుచారు మిగల్లేదు. అందులో గచ్చకాయ రుచి బాగా కలిసిందని కూడా అన్నారు.

సాయంత్రం ఆటో దుకాణం ముందు ఆగి ఉంది. పొద్దున ఆరేయని బట్టలు గుర్తొచ్చి మనోరమ గడ కోసం బయటికి వచ్చింది. గడ ఆటో ముందు నేల మీద అడ్డంగా పడి ఉంది. ఆమె చూసి ఆగింది. వంగి వేళ్లతో కొలిచింది. గడ పొడవు సరిగ్గా ఆటో వెడల్పు, ఆ పక్క నాలుగు వేళ్లు, ఈ పక్క నాలుగు వేళ్లు.

అరుగు మీద చాయ్ తాగుతున్న ఎర్రయ్య గొంతు సవరించుకున్నాడు.

"మూడేండ్ల కింద మీ ఆయన నా కాడికొచ్చి, తండాకు బాట ఏస్త అన్నడక్కా. అడవి భూమి, బాటేస్తె కేసైతది అన్న. మరి ఆట ఆడుకోవచ్చా అన్నడు. ఆట గురించి రూలు ఏం లేదన్న."

"నీకు ముందునుంచె ఎరుకనా?"

"నాకేమెరుక. నేను నవ్వుకుంట కూసున్న, అంతే."

2008 వానాకాలం మనోరమ కళ్ల ముందు మెదిలింది. వాగు నిండిన రోజు. జాల్యా తన తల్లిని డోలీ కట్టి ఆ ముళ్లలోంచి దించి ఇదే అరుగు మీద పడుకోబెట్టాడు. ఆమె బతికింది గానీ, పాము కరిచిన కాలు దక్కలేదు. చిత్తుకాగితాల మూట విప్పింది ఆ వారంలోనే.

మనోరమ లోపలికి వెళ్లింది. పోపుల డబ్బా జరిపి, కింద నుంచి నాలుగు మడతల కాగితం తీసుకొచ్చి భర్త ముందు పెట్టింది.

రామలింగం మడతలు విప్పి, కళ్లజోడు సవరించుకుని, మళ్లీ చూశాడు. "పదో గుంత. ఏడ దొరికింది?"

"పొట్లం కట్టబోతె నా చేతికే వచ్చింది. మూడేండ్లాయె."

"మూడేండ్లు దాసినవా?"

"తొమ్మిది గుంతలకే నా దండెం పాయె. పద్దెనిమిదైతె కొంప పోతదని దాసిన. గుట్ట అవతలి పక్క సేవ్యా వాళ్ల తండాకు సుత బాట లేదట గదా?"

ఆయన అప్పటికే నిఘంటువు కోసం చెయ్యి చాపాడు. మనోరమ దుకాణంలో నైలాను తాడు ఆరు బారలు కోసుకుని పెరట్లో దండెం కట్టుకుంది. వెదురు గడను కాలితో ఆయన వైపుకు తోసింది.