మామ చేతిలో ఆగని తుపాకీ

మా మామ పోయాడన్న కబురు నాకు ఆదోని మార్కెట్ యార్డు ముందు, బస్సులో ఉండగా తెలిసింది. పత్తి సీజను. లారీలు, ట్రాక్టర్లు రోడ్డంతా నిండిపోయి బస్సు కదలడం లేదు. బడికి ఆలస్యమవుతుందని నేను విసుక్కుంటూ ఉంటే ఎమ్మిగనూరు నుంచి అత్త ఫోను చేసింది. "మీ మామ పొద్దున లేయలేదమ్మా" అంది. దిగి రోడ్డు దాటి, ఎమ్మిగనూరు పోయే బస్సెక్కి కూర్చున్నాను. టికెట్ తీసుకోవడం మరిచిపోతే కండక్టరు నా ముఖం చూసి మెల్లగా అడిగాడు.

ఆయన మా అమ్మకు తమ్ముడు. సైన్యంలో సుబేదారుగా పనిచేసి రిటైరయ్యాడు. ఊరికి సుబేదారు సాబ్. సైన్యంలో చేరాలని పొద్దున్నే ఆయన దగ్గర పరుగు నేర్చుకునే పిల్లలకు మాత్రం ఉస్తాద్. ఆయుధాలు నేర్పే గురువును సైన్యంలో అట్లా పిలుస్తారు. ఆయనకు పిల్లలు లేరు. ఆ లోటు తీర్చుకోవడానికా అన్నట్టు ఊళ్ళో కనబడిన ప్రతి పిల్లనూ పిల్లవాడినీ మైదానంలో పరుగెత్తించేవాడు.

ఎమ్మిగనూరులో ఆయన గురించి ఒక మాట ఉంది. మన దేశంలో తయారైన తుపాకీని పనికిరాదని చెప్పి వచ్చిన మనిషి అని. కొందరు మెచ్చుకుంటూ అనేవాళ్ళు, ఎక్కువమంది దెప్పుతూ అనేవాళ్ళు. ఆ మాట అబద్ధం కాదు గానీ, సగమే. మిగతా సగం ఆయన ఉన్నన్నాళ్ళు నన్ను ఎవరితోనూ అననివ్వలేదు. ఇప్పుడు నా నోరు మూసేవాడు లేడు కాబట్టి మీతో చెబుతాను.

దానికన్నా ముందు ఆదోని బజారులో ఆయన పరపతి గురించి చెప్పాలి. ఫ్యాన్లు, కుక్కర్లు అమ్మే దుకాణాల వాళ్ళు ఆయన వస్తుంటే మంచి సరుకు లోపలికి జరిపేవాళ్ళు. ఎందుకంటే మామ టార్చిలైటు కొనాలంటే ముందు దాన్ని కింద పడేసేవాడు. పొరపాటున కాదు, చెప్పి మరీ పడేసేవాడు. తర్వాత తీసి వెలిగించి చూసి, వెలిగితే డబ్బులిచ్చేవాడు. వెలగకపోయినా ఇచ్చేవాడు, కానీ ఆ కంపెనీ గురించి బజారంతా వినబడేట్టు నాలుగు మాటలు అనేవాడు. ఇంటికి తెచ్చిన కొత్త వస్తువును ముందుగా మా నాన్న చేతిలో పెట్టేవాడు. మా నాన్న చెయ్యి పడితే నడిచే గడియారం కూడా ఆగిపోతుందని మా ఇంట్లో పేరు. మిక్సీ అయినా, కుక్కర్ అయినా మా నాన్న చేతిలో వారం బతికిందంటే మామకు దానిమీద నమ్మకం కుదిరేది. నాన్న దీనికి కోపం తెచ్చుకోకపోగా, బావమరిది తనకేదో పదవి ఇచ్చినట్టు మురిసిపోయేవాడు.

నాకు టీచరు ఉద్యోగం వచ్చిన కొత్తలో తనిఖీకి వచ్చిన అధికారి నా క్లాసును మెచ్చుకున్నాడు. ఆయన అడిగిన ప్రతి ప్రశ్నకూ ఒక పిల్ల టపటపా జవాబు చెప్పింది. ఆ సంబరంతో ఎమ్మిగనూరు పోయి చెబితే మామ అంతా విని, "ఆ పిల్ల నువ్వు సెప్పకున్నా సెప్పుండేది గదమ్మా" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. రెండు రోజులు మాట్లాడలేదు కూడా. కానీ మరుసటి సోమవారం నుంచి చివరి బెంచీ వాళ్ళను ముందు అడగడం మొదలుపెట్టాను. ఇప్పటికీ అదే చేస్తున్నాను. మా స్కూల్లో నాకు మంచి టీచరనే పేరు ఏమైనా ఉంటే, అందులో సింహభాగం ఆయనదే.

ఈ బుద్ధి ఆయనకు ఎక్కడ పట్టుకుందో నాకు చాలా కాలం తెలియదు. తెలిసింది ఒక ఎండాకాలం సెలవుల్లో. బొరుగుల ఉగ్గాని పొట్లం కట్టించుకోవడానికి ఇద్దరం బస్టాండు దగ్గరి హోటలుకు పోయాం. అక్కడ ఒకాయన పేపరు చదువుతూ, సైన్యం బయటి దేశం నుంచి రైఫిళ్ళు కొంటోందన్న వార్తను పైకి వినిపించాడు. "పొరుగింటి పుల్లకూర రుచి గద సాబ్. మనింటి కూర వద్దన్నది మీరే అంట గద" అన్నాడు. మామ సగం తాగిన టీ గ్లాసు బల్ల మీద పెట్టి లేచాడు. ఇంటికి వచ్చి ఉగ్గాని ముందు పెట్టుకుని, తినకుండా, నాకు ఆ సంగతంతా చెప్పాడు.

మామ సైన్యంలో చేరక ముందు ఆదోనిలో, పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్నింగు మిల్లులో పనిచేశాడు. మా తాత కూడా అక్కడే. మిల్లులో పత్తి నూగు గాలిలో తేలుతూ ఉంటుంది, యంత్రాల సందుల్లో పేరుకుంటుంది. అందుకని మీట నొక్కే ముందు గుడ్డతో ఒకసారి తుడవడం, వేలితో తట్టడం, ఉఫ్ అని ఊదడం అక్కడి వాళ్ళందరికీ అలవాటు. అన్నానికి కూర్చుంటే కంచం మీద కూడా మా తాత ఊదేవాడట. మామ చేతులకూ ఆ అలవాటు పట్టింది. పటాలానికి పోయినా పోలేదు.

రిటైరయ్యే కాలం దగ్గర పడుతున్నప్పుడు, దేశంలోనే కొత్తగా తయారు చేసిన రైఫిల్‌ను పరీక్షించడానికి వేర్వేరు పటాలాల నుంచి కొందరిని ఎడారికి పిలిపించారు. మామ అందులో ఒకడు. పక్కనే బయటి దేశపు రైఫిళ్ళు కూడా ఉన్నాయి. రెండింటినీ ఇసుకలో పాతిపెట్టేవాళ్ళు, నీళ్ళలో ముంచేవాళ్ళు, ఎత్తు నుంచి పడేసేవాళ్ళు. తర్వాత తీసి కాల్చాలి. తూటా ఇరుక్కుని ఆగిపోయిన ప్రతిసారీ దానికి మార్కు తగ్గుతుంది. ఎవరి తుపాకీ వాళ్ళదే, చివరిదాకా అదే.

మామకు మన తుపాకీ అంటే ప్రాణం. అది గెలవాలని మా వైపు దేవుడు ఉరుకుంద ఈరన్నకు మొక్కుకున్నానని నాతో చెబుతూ కాస్త సిగ్గుపడ్డాడు. పరీక్షల్లో మిగతావాళ్ళ చేతుల్లో మన తుపాకులు అప్పుడప్పుడూ ఆగిపోతున్నాయి. మామది మాత్రం ఆగడం లేదు. దాన్ని తయారు చేసిన ఇంజనీర్లలో ఒక పెద్దాయన ఎవరు చూడవచ్చినా తిన్నగా మామ దగ్గరికే తీసుకొచ్చేవాడట. మామ ఛాతీ ఉప్పొంగేది.

ఒకరోజు మధ్యాహ్నం, పరీక్ష లేని వేళ, పక్కనున్న కుర్ర జవాను సరదాకి తుపాకీ మార్చుకుందామన్నాడు. మార్చుకుని, ఇసుకలో పాతి తీసి కాల్చారు. మామ తుపాకీ ఆ కుర్రవాడి చేతిలో కాసేపటికే ఆగిపోయింది. ఆ కుర్రవాడి తుపాకీ మామ చేతిలో ఆగకుండా నడిచింది. అప్పుడు మామ తన చేతులకేసి చూసుకున్నాడు. ఇసుకలోంచి తీసిన తుపాకీని కాల్చే ముందు అరచేత్తో ఒకసారి తుడుస్తున్నాడు, వేలితో తడుతున్నాడు, వంచి ఊదుతున్నాడు. రెప్పపాటులో అయిపోయే పని. ఎవరికీ కనబడలేదు. తాను చేస్తున్నట్టు తనకే తెలియదు.

చూడండి, చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. మన తుపాకీకి ఒక మనిషి చేతిలో మచ్చలేని మార్కులు ఉండిపోయేవి. గెలిచేదేమో కూడా. ఆ సాయంత్రం మామ అన్నం తినలేదు. తర్వాత పరీక్షలు నడిపే మేజరు దగ్గరికి పోయి సెల్యూట్ చేసి, హిందీలో అన్న మాట నాకు మన మాటలో చెప్పాడు.

"నా తుపాకీ మార్కులు కలపొద్దు సాబ్ అన్నాను. గెలిచింది తుపాకీ గాదు, నా సెయ్యి."

ఎందుకు చెప్పావు మామా అని అడిగాను. నాకు నిజంగానే ప్రాణం ఉసూరుమంది. ఆయన ఉగ్గాని పొట్లం వైపు చూస్తూ అన్నాడు. "కాకిపిల్ల కాకికి ముద్దేనమ్మా. నాకూ ముద్దే. కానీ దాన్ని పట్టుకోని నిలబడేది నేను గాదు గద. ఎవురి బిడ్డో. నిద్ర ల్యాక, సలికి సేతి ఏళ్ళు కొంకర్లు పోయి నిలబడుంటాడు. వానికి తుడుసుకునే టైము యాడుంటాది?"

ఆ పెద్ద ఇంజనీరు మరుసటి రోజు పొద్దున మామను చూసి ముఖం తిప్పుకుని పోయాడట. కానీ మధ్యాహ్నం తనంతట తానే వచ్చి ఇసుకలో పక్కన కూర్చున్నాడు. చేతులు చేసే పనిని మెల్లగా చేసి చూపించమన్నాడు. మామ చూపించాడు. మళ్ళీ చూపించమన్నాడు. ఎండలో అట్లా చాలాసేపు కూర్చుని, లేచేటప్పుడు, మీ చెయ్యి చేసే పని ఇకమీద తుపాకీయే చేసుకోవాలి అని మాత్రం అన్నాడట. ఆ తుపాకీ సైన్యంలోకి రాకుండా వెనక్కి పోయింది. మామ తిరిగి పటాలానికి పోయి, తర్వాత కొన్నాళ్ళకు ఎమ్మిగనూరుకు వచ్చేశాడు. ఆ పెద్దాయన ఏం చేశాడో, ఏమైనా చేయనిచ్చారో లేదో తెలియదు. బయటి దేశం నుంచి తుపాకులు కొన్న వార్త వచ్చినప్పుడల్లా మామకు టీ సహించేది కాదు. నిజం చెప్పినందుకు ఆయన ఏనాడూ బాధపడలేదు. తన మాటతో ఆ పనే మూలపడిందేమో అన్నదే ఆయన దిగులు. "సరిగ ల్యాదని సెప్పినాను గాని, సెయ్యొద్దని సెప్పల్యాదు గదమ్మా" అన్నాడు.

తర్వాత ఏళ్ళలో మామకు చేతులు వణికే జబ్బు వచ్చింది. మొదట్లో టీ సాసర్లోకి ఒలికేది. తర్వాత చొక్కా గుండీలు అత్త పెట్టాల్సి వచ్చింది. ఎవరైనా వస్తే చేతులు తువ్వాలు కింద దాచుకుని కూర్చునేవాడు. మైదానానికి మాత్రం మానలేదు. పరుగెత్తించడానికి గొంతు చాలు కదా అనేవాడు.

ఈమధ్య ఒకసారి, దేశంలో తయారైన కొత్త రైఫిల్ పరీక్షలన్నీ దాటిందని, సైన్యానికి ఇస్తున్నారని పేపర్లో వచ్చింది. నేను ఆ పేపరు పట్టుకుని ఆదోని నుంచి పరుగున పోయాను. మామ రెండుసార్లు చదివాడు. "దాటినాదంట. ఎవురి సేతుల్లో?" అని పేపరు మడిచి పక్కన పెట్టాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అంత కాలం ఎదురుచూసిన వార్త వస్తే, కొత్త టార్చిలైటును చూసినట్టు అనుమానంగా చూశాడు.

మొన్న శ్రావణంలో ఉరుకుంద ఊరి అమ్మాయి ఒకతె సెలవు మీద వచ్చింది. కూలీ పనులు చేసుకునే ఇంటి పిల్ల. ఎమ్మిగనూరు హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతూ మామ దగ్గర పరుగు నేర్చుకుని, సైన్యంలో పోలీసు విభాగానికి ఎంపికైంది. ఈరన్న స్వామి ఉత్సవాలు చూసుకుని, ప్రసాదం తీసుకుని నేరుగా ఉస్తాద్ ఇంటికి వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. మాటల్లో, తమ యూనిట్‌కు ఆ కొత్త రైఫిళ్ళు వచ్చాయని చెప్పింది.

మామ చేతులు తువ్వాలు కిందకు పోయాయి. బాగుందా అని అడుగుతాడనుకున్నాను. అడగలేదు. మీలో అందరికంటే చేతగానివాళ్ళు ఎవరని అడిగాడు. ఆ పిల్ల ఏమాత్రం తడుముకోకుండా, పరుగులో తనే మొదలనీ, తుపాకీ పాఠంలో మాత్రం తనే చివరనీ, చేతిలోంచి జారవిడవని రోజు లేదనీ నవ్వుతూ చెప్పింది. ఒకసారి వానలో పరుగెత్తుతూ తుపాకీతో సహా బురదలో బోర్లా పడిందట. లేచి అట్లాగే కాల్చమన్నారట.

"తుడిసినావా?" అన్నాడు మామ.

"యాడ తుడిసేది ఉస్తాద్. బురద బురదగానే కాల్సినా. ఆగల్యా."

మామ కళ్ళు నిండాయి, నావీ నిండాయి. ఎందుకో అర్థంకాక ఆ పిల్ల మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత ఆయన, ఆ తుపాకీని విప్పేది ఎట్లో చూపించమన్నాడు. తుపాకీ లేదు కదా అంది. లేకపోతే ఏం అన్నాడు.

ఆ పిల్ల చాప మీద ఆయనకు ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఖాళీ చేతులతో గాలిలో తూటాల పెట్టె తీసి చాప మీద పెట్టింది. ఒక్కొక్క భాగం విప్పుతూ, పేరు చెబుతూ, వరుసగా పేర్చింది. మామ తువ్వాలు తీసి పక్కన పడేశాడు. వణికే చేతులతో ఆమె చేసిందల్లా చేశాడు. తప్పితే ఆమె ఆగి మళ్ళీ చెప్పింది, ఆయన మళ్ళీ చేశాడు. ఉస్తాద్‌కు పాఠం చెబుతున్నానన్న బెరుకు కాసేపటికి ఆమెకు పోయింది. ఆయనకు పాఠం నేర్చుకుంటున్నానన్న సంకోచం అసలు లేనే లేదు.

అప్పుడే అత్త టీ గ్లాసులతో వంటింట్లోంచి వచ్చింది. ఇద్దరి మధ్యా ఖాళీగా ఉన్న చాపను ఒక్క క్షణం చూసింది. పక్కకు జరిగి, చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, దేన్నీ తొక్కకుండా గోడ వెంబడి మెల్లగా నడిచి వచ్చింది.