మనవడి పేరు బియెన్‌వెనీదో

అరిజోనాలోని చాండ్లర్‌లో కంప్యూటర్ చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. నా పని తప్పులు వెతకడం. మెరిసే పలక మీద కంటికి ఆనని గీత ఎక్కడుందో పట్టుకున్న రోజు నాకు పండగ. ఇంట్లోనూ అదే బుద్ధి. కూరలో ఉప్పు సరిపోతే నోరెత్తనని, తగ్గితే మాత్రం వీధికి వినిపించేలా చెబుతానని మా ఆవిడ అంటుంది. అబద్ధం కాదు.

ఏడో నెల కడుపుతో మా అమ్మాయి ఒక ఆదివారం భోజనానికి వచ్చింది. పక్కన అల్లుడు. పుట్టబోయేది మగపిల్లాడని తెలుసు కాబట్టి పేరు కూడా అనుకున్నామంది.

"బియెన్‌వెనీదో."

అల్లుడిది ఇక్కడి మెక్సికన్ కుటుంబం. నాలుగు తరాలుగా అరిజోనాలోనే ఉన్నారు. అది అతని ముత్తాత పేరట.

"అదేం పేరే? కిరాణా షాపు తలుపు మీద రాసేది కదా" అన్నాను. నిజంగానే రాస్తారు. మా ఊళ్లో సగం షాపుల గుమ్మాల మీద ఇంగ్లీషులో వెల్‌కమ్ అని, దాని కింద స్పానిష్‌లో ఇంచుమించు ఇదే మాట ఉంటుంది.

నా మాట అమ్మాయి ఇంగ్లీషులో చెబితే అల్లుడు నొచ్చుకోలేదు, నవ్వాడు. మా అమ్మాయి నేర్పిన "మావయ్యా" అన్న పిలుపు తప్ప అతనికి తెలుగు రాదు. మిగతాదంతా ఇంగ్లీషులో చెప్పాడు. "పాత లాటిన్ మాటల్లోంచి వచ్చింది మావయ్యా. నువ్వు రావడం మాకు సంతోషం అని అర్థం. చాలా ఏళ్లు ఎదురుచూశాక పుట్టిన పిల్లలకి పెట్టేవాళ్లు. పెళ్లయిన పదకొండేళ్లకి పుట్టాడట మా ముత్తాత. ఈ చుట్టుపక్కల పత్తిచేలలో పత్తి తీసేవాడు. మీ ఇల్లున్న చోట కూడా తీసే ఉంటాడు."

వీళ్లూ నాలుగేళ్లు ఎదురుచూశారు. రెండుసార్లు కడుపు నిలవలేదు. అదంతా తెలిసి కూడా నేను చెయ్యి కడుక్కుని వచ్చి, ఫోన్‌లో పిల్లల పేర్ల వెబ్‌సైట్ ఒకటి తెరిచాను. అర్థం, పుట్టుక అల్లుడు చెప్పినట్టే ఉన్నాయి. కిందికి జరిపితే ఆ పేరు ఏ ఏడాది ఎంతమంది పెట్టుకున్నారో చూపించే చార్ట్ వచ్చింది. అందులో గీతే లేదు. ఉత్త ఖాళీ గళ్లు. నాకు దొరకాల్సింది దొరికింది.

"చూడు, అమెరికా మొత్తంలో లెక్కకి వచ్చేంతమంది కూడా లేరు. స్పానిష్ వాళ్లే వదిలేసిన పేరు మనకెందుకు? స్కూల్లో టీచర్లకి నోరు తిరగొద్దూ?"

"నా పేరు ఒక్క టీచరైనా కరెక్ట్‌గా పిలిచిందా నాన్నా? నేను బానే ఉన్నాగా" అంది అమ్మాయి.

అక్కడితో ఆగుంటే బాగుండేది. రెండు నెలలపాటు జోరీగలా ఆ పిల్ల చెవిలో పోరాను. నక్షత్రం తెలియకుండా పేరేమిటన్నాను. బారసాల నాడు బియ్యంలో రాసేదాకా పేరు బయట పెట్టకూడదన్నాను. అని, నేనే మళ్లీ వాట్సాప్‌లో రోజుకో పేరు పంపాను. మా ఆవిడ వద్దని చెబుతూనే ఉంది. అమ్మాయి జవాబులివ్వడం మానేసింది. మెత్తబడుతోందనుకున్నాను.

నెలలు నిండాక ఒక ఉదయం లోపల కదలిక తెలియట్లేదని వాళ్లిద్దరూ హాస్పిటల్‌కి వెళ్లారు. మేం చేరేసరికి ఆపరేషన్ అయిపోయింది. బాబు ఊపిరి లేకుండా పుట్టాడు.

అమ్మాయి మత్తులో ఉంది. నర్సు ఒక ఫారం, ఒక కార్డు పట్టుకుని వచ్చింది. కార్డు మీద నల్ల ఇంకుతో బాబు పాదాల ముద్రలు, ఒక్కోటి నా చూపుడువేలంత. పేరు ఏం రాయమంటారని అల్లుణ్ణి అడిగింది. అతను ఏడుస్తూ నావైపు చూశాడు. పెద్దవాళ్లని ఒకమాట అడిగి చెయ్యాలని మా అమ్మాయి ఎప్పుడో చెప్పి ఉంటుంది. పాపం, అలాంటి సమయంలో కూడా పాటించాడు.

"మాలో పెట్టరు. బారసాల కాకుండా పోయిన పిల్లలకి పేరుండదు" అన్నాను.

అది నేను కల్పించింది కాదు. నాకు ముందు మా అమ్మకి ఒక మగపిల్లాడు పుట్టి మూడో రోజు పోయాడు. ఇంట్లో ఎప్పుడైనా ఆ ప్రస్తావన వస్తే "ఆ పురిటి పిల్లాడు" అనేవాళ్లు, అంతే. పేరంటూ ఉంటే మనసు దాన్ని పట్టుకుని వేలాడుతుందని, లేకపోతే మర్చిపోవడం తేలికని మా పెద్దవాళ్ల ఉద్దేశం. నా కూతురికి ఆ తేలిక ఇద్దామనుకున్నాను. అలా అనుకున్నాననే ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకుంటున్నాను. కానీ ఆ పేరు మొత్తానికి ఆగిపోయిందన్న తృప్తి ఆ క్షణంలో నాలో ఆవగింజంతైనా ఉందా? ఉందేమో. ఆ అనుమానం నన్ను తినేస్తోంది.

నర్సు పేరు రాయాల్సిన చోటు ఖాళీగా వదిలేసింది. బాబుని ఎత్తుకుంటారా అని అడిగింది. మా ఆవిడ ఎత్తుకుంది. నేను కాఫీ తెస్తానని చెప్పి కారిడార్‌లోకి వెళ్లిపోయాను.

ఆ తర్వాత నాకు షాపులకి వెళ్లడం కష్టమైపోయింది. పాలకి వెళ్తే తలుపు మీద వాడే. మందులకి వెళ్తే వాడే. టైర్లు మార్పించుకోవడానికి వెళ్తే అక్కడా వాడే. ఒకరోజు కారు దిగలేక ఉత్త చేతులతో ఇంటికి వచ్చాను. పాలేవని మా ఆవిడ అడగలేదు.

నలభై రోజులు దాటాక అమ్మాయి ఒక్కతే డ్రైవ్ చేసుకుంటూ వచ్చింది. హాస్పిటల్ వాళ్లిచ్చిన పెట్టె ఒళ్లో పెట్టుకుని సోఫాలో కూర్చుంది. అందులో ఆ కార్డు, ఒక టోపీ, చిన్న దుప్పటి ఉన్నాయి.

"ఇవాళే ఓపెన్ చేశాను. పేరు లేదు. తనని అడిగితే మీ నాన్నగారు వద్దన్నారు అన్నాడు." కోపం వస్తే ఇంగ్లీషులోకి వెళ్లిపోయే పిల్ల, తెలుగులోనే మాట్లాడింది.

"నువ్వు మర్చిపోతావని అన్నానమ్మా" అన్నాను.

"నేనెందుకు మర్చిపోవాలి? వాడితో రోజూ మాట్లాడాను నాన్నా. కార్‌లో, ఆఫీస్‌లో, వంట చేస్తూ. ఆ పేరుతోనే పిలిచాను. వాడు తన్నేవాడు. వాడికి పేరుంది. నువ్వు పిలవలేదు, అంతే."

నిజమే. అన్నాళ్లు వాదించానా, ఒక్కసారి కూడా ఆ పేరు నా నోటితో అనలేదు. "ఆ పేరు", "వాళ్ల ముత్తాత పేరు" అంటూ నెట్టుకొచ్చాను. కాళ్ల మీద పడదామనిపించింది. తండ్రిని కదా, అదీ చెయ్యలేదు. తప్పయిపోయింది అని మాత్రం అన్నాను. అమ్మాయి పరవాలేదు అనలేదు. అనాలని నేను కోరుకోవడం కూడా అన్యాయమే.

పేరు తర్వాతైనా చేర్పించుకోవచ్చట. ఫారం డౌన్‌లోడ్ చేసి అల్లుడు సంతకం పెట్టాడు. రికార్డుల ఆఫీస్‌కి నువ్వు రా అంది అమ్మాయి. వెళ్లాను.

కౌంటర్‌లో ఒక పెద్దావిడ ఉంది. కాగితం అందుకుని పేరు చూడగానే ఆవిడ ముఖం వికసించింది. "మా ఊళ్లో ఒక ముసలాయనకి ఉండేది ఈ పేరు. ఇప్పుడెవరూ పెట్టుకోవట్లేదు. ఎంత మంచి పేరో" అంటూ రెండో పేజీ తిప్పింది. తిప్పి, మాట ఆపేసింది. తర్వాత "ఐయామ్ సో సారీ" అని నెమ్మదిగా టైప్ చేసుకుంది. ప్రింట్ తీసి, దగ్గరగా నిలబడ్డాను కాబట్టి నా చేతికిచ్చి, అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో పైకి చదివి చెప్పమంది.

నేను అక్షరం అక్షరం చదవడం మొదలుపెట్టాను. బి, ఐ, ఇ.

"అక్షరాలు కాదు నాన్నా" అంది అమ్మాయి పక్కనుంచి. "పేరు చదువు."

"బియెన్‌వెనీదో" అన్నాను.

నా మనవణ్ణి పేరుపెట్టి పిలవడం అదే మొదటిసారి. ఎవరినైనా పిలిచాక ఆగుతాం కదా, అలాగే కాసేపు ఆగాను. ఎవరూ పలకలేదు.