మంచి మాట చెప్పిన ఊరు

1965 వేసవిలో నేను అనంతపురంలో స్పెషల్ బ్రాంచి ఇన్‌స్పెక్టరుగా ఉన్నాను. స్పెషల్ బ్రాంచి అంటే దొంగలను పట్టే పోలీసు కాదు. యూనిఫారం లేకుండా తిరిగి, విన్నది రాసి పైకి పంపే పోలీసు. ఒకరోజు ఎస్పీగారు పిలిచి, తనకల్లు దగ్గరి ఒక పల్లె పేరు చెప్పి, అక్కడ పుట్టిన ఒక హైకోర్టు న్యాయమూర్తి గురించి రహస్యంగా విచారించి రమ్మన్నారు. ఎందుకో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఢిల్లీలో సుప్రీంకోర్టులో ఒక స్థానం ఖాళీ అయిందని పేపరు చదివేవాళ్లందరికీ తెలుసు.

సుప్రీంకోర్టు న్యాయమూర్తిని రాష్ట్రపతి నియమిస్తారు, అంతకుముందు ప్రధాన న్యాయమూర్తిని సంప్రదిస్తారు. పుస్తకాల్లో ఉండేది ఇంతే. పేరు వినబడిన మనిషి నడవడి ఎలాంటిదో, చేతులు శుభ్రమేనో కింది నుంచి కనుక్కోవడం కూడా ఉంటుంది. ఈసారి ఆ కింద ఉన్నవాణ్ని నేను. ఆ న్యాయమూర్తి నిప్పులాంటి మనిషని కోర్టుల్లో అందరూ అనేవారు. పని సులువనుకున్నాను.

ఆ పల్లెలో రెండేళ్లుగా సరైన వాన లేదు. బావుల్లో అడుగురాళ్లు కనిపిస్తున్నాయి. ఊళ్లో సగంమంది కరువు పనికింద రోడ్డుకు కంకర కొడుతున్నారు. తాలూకా ఆఫీసు మనిషినని చెప్పుకొని, న్యాయమూర్తి అన్న ఆదెప్ప ఇంటి అరుగు మీద కూర్చున్నాను. నా పోలీసు బూట్లు చూసి నేనెవరో అందరూ పసిగట్టేశారు.

"మా వోనికి పెద్ద పదవి వస్తాండాదా సార్?" అని ఆదెప్ప సూటిగానే అడిగాడు. నేను మాట దాటేశాను. దాన్ని వాళ్లు ఔననే అర్థం చేసుకున్నారు.

ఇక పొగడ్తలు మొదలయ్యాయి. "ఈ రోడ్డు పని యాడ నుంచి వచ్చిందనుకున్యావప్పా? మా తమ్ముడు హైదరాబాదులో ఒక మాట చెప్పినాడు, ఈడ పని వచ్చె" అన్నాడు ఆదెప్ప. పక్కింటాయన అందుకున్నాడు: "మా పిల్లోనికి బడిలో అటెండరు పని ఇప్పిచ్చింది ఆయప్పే. మా ఊరోళ్ల కేసంటే కోర్టులో చెయ్యి ఇడిచిపెడతాడా?"

వాళ్లు పొగడ్త అనుకుని చెప్పే ప్రతి మాటా నా కాగితం మీద ఆయన పదవిని సొంతవాళ్లకు వాడాడన్న నింద అవుతుంది. చాలించండయ్యా అని అరవాలనిపించింది. విచారణకు వెళ్లినవాడు అలా అనకూడదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ ఊరికి నోరూ మంచిదే, మనసూ మంచిదే. సొంత ఊరికి ఏమీ చేయని పెద్దమనిషి వాళ్ల లెక్కలో పెద్దమనిషే కాదు. తమ్ముడికి ఆ మచ్చ రాకూడదని ఆదెప్ప తాపత్రయం.

అప్పుడే మంచినీళ్లు తెచ్చిన ఆదెప్ప భార్య ఊరుకోలేకపోయింది. "ఏం చేసినాడు ఆయప్ప? పోయినేడు మా పెద్దోనికి పని అడగను పోతే, అన్నం పెట్టి బస్సెక్కిచ్చి పంపినాడు" అంది.

"నోరు మూసుకోని లోపలికి పో. ఇంటి పరువు ఈదిలో ఏస్తావా?" అని ఆదెప్ప కసురుకున్నాడు.

ఆ న్యాయమూర్తి గురించి ఆ రోజు నేను విన్న నిజం ఆమె చెప్పిన ఆ ఒక్క మాటే. మర్నాడు కదిరిలో తహసీల్దారును అడిగాను, తర్వాత బడిలోనూ కోర్టు రికార్డుల్లోనూ విచారించాను. కరువు పని తాలూకా అంతటా వచ్చిందే. అటెండరు పని ఆ బడివాళ్లు తమంతట తాము ఇచ్చిందే. ఊరివాళ్ల కేసు ఒక్కటి కూడా ఆయన ముందుకు పోలేదు. విన్నదంతా రాసి, ఇవి గొప్పకు చెప్పిన మాటలు, ఒక్కటీ నిజం కాదు అని కింద స్పష్టంగా రాశాను.

నా పై అధికారి డీఎస్పీగారు చదివి నిట్టూర్చారు. ఒక ఖాళీకి నాలుగైదు పేర్లుంటాయని, నింద పుట్టిన మనిషి తప్పు చేయలేదని తేల్చుకోవడం కంటే నిందే పుట్టని మనిషిని తీసుకోవడం ఎవరికైనా తేలికని అన్నారు. అయితే ఊరివాళ్ల మాటలు కొట్టేయమంటారా అని అడిగాను. విన్నది దాచడం నిబంధనకు విరుద్ధమన్నారు. రిపోర్టు ఉన్నదున్నట్టే పైకి పోయింది.

ఆ స్థానం వేరొకరికి వెళ్లింది. కారణం నా రిపోర్టో కాదో నాకు ఎవరూ చెప్పలేదు, చెప్పరు కూడా. ఆ న్యాయమూర్తి హైకోర్టులోనే రిటైరయ్యారు.

మరుసటి ఏడు కదిరి బస్టాండులో ఆదెప్ప కనిపించాడు. మనిషి సగమైపోయాడు. నా చెయ్యి పట్టుకుని, "ఏం సార్, మా వోనికి రాకపాయ. మేము తక్కువ చెప్పినామా? ఇంగా చెప్పమంటే చెప్తాంటిమి గదా" అన్నాడు. విచారణ గురించి బయట మాట్లాడకూడదు. మాట్లాడవచ్చని ఉన్నా ఆ మనిషికి ఏమని చెప్పాలి? బాగానే చెప్పినారులే అన్నాను.

నిందను సరిచూసినట్టే పొగడ్తనూ సరిచూడాలని ఆ విచారణ నాకు నేర్పింది. ఊరు చెప్పిన అబద్ధమూ నేను తేల్చిన నిజమూ ఒకే కవరులో పైకి పోతాయి. వాటిలో దేన్ని నమ్ముతారన్నది రాసినవాడి చేతిలో లేదు.