పేరు గడి ఖాళీగా ఉన్న పాప

కోవిడ్ తగ్గిన మరుసటి ఏడాది నన్ను నరసరావుపేట దగ్గర ఒక మున్సిపల్ ఆఫీసులో జనన మరణాల విభాగానికి వేశారు. డిగ్రీ అయ్యాక దొరికిన ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం. సంతకం రిజిస్ట్రార్‌ది, కంప్యూటర్‌లో ఎక్కించడం నాది.

ఆసుపత్రిలో బిడ్డ పుడితే వివరాలు ఆసుపత్రి వాళ్లే పంపుతారు. అప్పటికి పేరు పెట్టి ఉండరు కాబట్టి ఆ గడి ఖాళీగానే నమోదవుతుంది. తర్వాత తల్లో తండ్రో దరఖాస్తు పెడితే పేరు చేరుస్తాం. ఒకసారి ఎక్కిన పేరును ఇష్టప్రకారం మార్చడం కుదరదు.

శావల్యాపురం వైపు నుంచి క్వారీ కార్మికుడి భార్య నాగమణి తన అత్తగారితో వచ్చింది. చంకలో చంటిపిల్ల. ముందు పుట్టిన ఇద్దరూ పళ్లు రాకముందే పోయారట. అందుకని, చావు కన్ను పడకుండా, ఈ పిల్లను పక్కింటామె చేతిలో పెట్టి, చేటెడు తవుడిచ్చి తిరిగి కొనుక్కున్నారు. ఇంట్లో తవిటమ్మ అంటున్నారు. నాగమణి మాత్రం దరఖాస్తులో లాస్య అని రాసింది. పేరు లేని సర్టిఫికెట్‌తో ఆధార్ రాదని ఆమె తొందర.

“ఆ ఇద్దరికీ ఇట్టాగే ముచ్చటపడి రాపిచ్చావు. ఇప్పుడే రాయమాక,” అంది అత్తగారు.

“బళ్లో తవిటమ్మా అని పిలిస్తే దాని మొహం ఎక్కడ పెట్టుకుద్ది అత్తా?”

“ముందు బడికెళ్లే దాకా బతకనియ్యవే!”

నాగమణి పెన్ను కింద పెట్టేసింది. చట్ట ప్రకారం ఆమె సంతకం చాలని, అత్తగారి ఒప్పుదల అక్కర్లేదని చెప్పాను. పుట్టిన ఏడాది లోపు ఎప్పుడు చేర్చినా ఆలస్య రుసుము ఉండదని కూడా చెప్పాను. ఆమె దరఖాస్తు మడిచి తీసుకుని వెళ్లిపోయింది.

గడువు దగ్గర పడ్డాక అత్తగారొక్కతే వచ్చింది. పాప ఆమె వేలు పట్టుకుని నడుస్తోంది.

“పళ్లొచ్చినయ్, నడకొచ్చింది. ఇంక రాయమ్మాయ్, లాస్య.”

తల్లిగానీ తండ్రిగానీ సంతకం పెట్టాలని, ఆమె చెబితే చెల్లదని అన్నాను.

“ఏంది? వద్దన్నప్పుడు చెల్లిన నా మాట, రాయమంటే చెల్లదా?”

గదిలో అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. ఫోన్ తీసి, “ఏమే, పనాపి బస్సెక్కు. నీ సంతకం కావాలంట,” అంది. మధ్యాహ్నానికి నాగమణి వచ్చి సంతకం పెట్టింది.

అంతకుముందు ఖాళీ గడి కనిపిస్తే పెండింగ్ అనుకుని తల్లిదండ్రులకు ఫోన్లు చేసేదాన్ని. తర్వాతా చేశాను, కాకపోతే గడువు ఎంత మిగిలిందో ముందు చెప్పేదాన్ని. నా కూతురు పుట్టాక ఆ ఉద్యోగం మానేశాను. దాని పేరు నేనూ పదకొండో నెల దాకా ఎక్కించలేదు. చట్టం ఆ ఏడాది గడువు ఎందుకిచ్చిందో నాకు తెలియదు. మా వైపు ఇళ్లలో అది దేనికి పనికొస్తుందో మాత్రం తెలుసు.