కావ్య మాటల పుస్తకం

లాల్‌గడి మలక్‌పేట్‌లో అన్వరీ బేగం ఇంటి వరండాకు పొద్దున తొమ్మిదింటికల్లా పిల్లలు వస్తారు. అందరూ ఆటిజం ఉన్నవాళ్లే. తల్లులు వాళ్లను దింపి పనులకు పోతారు. ఇప్పుడు పద్నాలుగు ఇళ్లవాళ్లు. దానికొక సంఘం, రిజిస్ట్రేషన్ కాగితం, గోడకు బోర్డు వచ్చి మూడేళ్లయింది. అంతకుముందు అక్కడ ఉన్నది ఇద్దరు తల్లులే.

అన్వరీ కొడుకు మోయిజ్‌కు అప్పుడు పదిహేడేళ్లు. పుట్టినప్పటి నుంచి ఒక్క మాట మాట్లాడలేదు. వాణ్ణి ఆస్పత్రికి తీసుకుపోయే బస్సులో ఆమెకు శివమ్మ కలిసింది. శివమ్మ శామీర్‌పేట చౌరస్తాలో చేపలమ్ముతుంది. తొమ్మిదేళ్ల కూతురు కావ్యను ఇంట్లో వదిలితే చెరువు దిక్కు పోతుంది, వెంట తెస్తే బండ్ల చప్పుడుకు చెవులు మూసుకుని ఏడుస్తుంది. దేవుడే ఆ రోజు ఇద్దరినీ ఒకే సీటులో కూర్చోబెట్టాడు.

"మా ఇంట్ల ఒకడున్నడు, ఇంకొకతె ఎక్కువైతదా? తోల్కరా" అంది అన్వరీ.

"నా బిడ్డ మాట ఇనదక్కా."

"మావోడు మాట్లాడనే మాట్లాడడు. సరిపాయె."

కావ్య వచ్చింది రంజాన్ నెలలో. శివమ్మ అన్నం డబ్బా అన్వరీ చేతికిచ్చి, "ఆకలైతే అదే అడుగుతది" అని చెప్పి జల్దీ జల్దీ పోయింది.

మధ్యాహ్నం కావ్య వచ్చి అన్వరీ కొంగు పట్టుకుంది. "తింటవా?" అంది.

అన్వరీ మనసు నీరైంది. ఇన్నేళ్లలో ఆ ఇంట్లో ఏ బిడ్డా ఆమెను ఆ మాట అడగలేదు. "రోజా ఉన్న బేటీ. పొద్దుగూకే దాంక తినను" అని తల నిమిరింది. పిల్ల మళ్లీ అడిగింది, మళ్లీ అడిగింది. "ఎంత మంచి మనసే నీది" అని ముద్దుపెట్టుకుంది అన్వరీ. ఇక పిల్ల ఓ మూలకు పోయి, మోకాళ్లలో తల పెట్టుకుని ఊగుతూ కూర్చుంది.

సాయంత్రం శివమ్మ వచ్చి డబ్బా ఎత్తింది. బరువు తగ్గలేదు.

"తినవెట్టలేదా అక్కా?"

"అడిగితే గదా చెల్లె. నన్నే తింటవా తింటవా అని మూడుమాట్ల అడిగింది పాపం."

శివమ్మ డబ్బా కింద పెట్టింది. "నిన్ను అడగలేదక్కా. నేను దాన్ని తింటవా అని అడుగుత. ఆకలైతే అది గదే మాట అంటది. ఇంకో మాట దానికి ఎరుకలే." బిడ్డ చెయ్యి పట్టుకుంది. "ఇగ తోల్కరాను. చేపలు అమ్మకున్నా మంచిదే."

రోజా విడిచే వేళ మసీదు నుంచి అజాన్ వినిపించినా అన్వరీ ఖర్జూరం నోట్లో పెట్టుకోలేదు. భర్త బాబా మియా నీళ్లు అందిస్తూ, "నన్నన్న పిలువకపోతివి. షుగరున్నోణ్ణి, రోజా లేదాయె. తింటవా అంటే తింట అని కూసునేటోణ్ణి. ఇద్దరం తినేటోళ్లం" అన్నాడు. ఆమె ఏడుస్తూనే నవ్వింది.

మర్నాడు పొద్దున్నే నోటుపుస్తకం పట్టుకుని శివమ్మ ఇంటికి పోయింది. "తప్పైంది చెల్లె. దాని మాటలు నాకు నేర్పు. రాసుకుంట."

ఆమెకు వచ్చింది ఉర్దూ అక్షరాలే. తెలుగు మాటను ఆ అక్షరాల్లో రాసి, పక్కన అర్థం రాసుకుంది. తింటవా అంటే ఆకలి. పండుకుంటవా అంటే నిద్ర. దెబ్బ తాకిందా అంటే నొప్పి. తన బిడ్డ మాటకు అర్థమేందని శివమ్మను అడిగినవాళ్లు అంతవరకు లేరు. ఇప్పుడు సంఘంలో చేరే ప్రతి తల్లీ ముందుగా నింపేది అలాంటి పుస్తకమే.

"ఇంకొక్క రోజు సూస్త" అంది శివమ్మ.

ఆ రోజు మధ్యాహ్నం ఆమె మనసు నిలవలేదు. గంపను పక్కామెకు అప్పజెప్పి, ఆటో ఎక్కి వచ్చి గేటు దగ్గర నిలబడింది. అప్పుడే పక్క ప్లాట్‌లో బోరుబండి మొదలైంది. కావ్య చెవులు మూసుకుని, "భయమైతాందా?" అంది.

శివమ్మ చెయ్యి గేటు గడియ మీదికి పోయింది. ఆ మాట అన్వరీకి చెప్పడం తను మరిచిపోయింది.

అన్వరీ పుస్తకం తెరవలేదు. "అవు బేటీ, నీకు భయమైతాంది" అంటూ కొంగు పిల్ల చెవుల మీదుగా కప్పింది. మెల్లగా లోపలి గదిలోకి నడిపించుకుపోయి తలుపు వేసింది. లోపల ఏడుపు వినిపించలేదు.

శివమ్మ గేటు తీయకుండానే వెనక్కి తిరిగింది. చౌరస్తాలో ఇంకా సగం చేపలు అమ్మాల్సి ఉంది.